18 కిలోమీటర్ల పాత బీటీ (తారు) రోడ్డు మీద మళ్లీ ఒక పొర వేస్తారట, ఈసారైనా నిలవాలంటే పని మొదలవకముందే ఏం అడగాలి?

రేగడిచేను అడిగారు:

అందరికీ నమస్కారం. మాది పల్నాడులో సాగర్ కుడికాలువ ఆయకట్టు కింద ఊరు. మండల కేంద్రం నుంచి పెద్ద హైవే దాకా 18 కిలోమీటర్ల రోడ్డు, వెడల్పు 7 మీటర్లు, మాకు ఊరు దాటాలంటే అదొక్కటే దారి. ఆటోలు, స్కూలు బస్సులు, మిర్చి టిక్కీల లారీలు, సున్నపురాయి టిప్పర్లు, సిమెంటు ట్యాంకర్లు అన్నీ దాని మీదే నడుస్తాయి. కొన్నేళ్ల కిందట పైన ఒక పొర వేశారు, వేసిన రోజు అద్దంలా మెరిసింది, రెండో వానాకాలం వచ్చేసరికి చాలాచోట్ల పెచ్చులు లేచి కింద కంకర బయటపడింది. ఆ తర్వాత గుంతలు పూడ్చడం, అవి మళ్లీ పడటం, ఇదే నడుస్తోంది.

ఇప్పుడు మళ్లీ రెన్యువల్ శాంక్షన్ అయింది, 30 ఎంఎం బీసీ (కంకర, తారు కలిపి వేడిగా పరిచే పై పొర) వేస్తారని చెప్తున్నారు. పని ఇంకా మొదలవలేదు. సంతోషమే కానీ, పోయినసారి లాగే అయితే మళ్లీ నాలుగైదేళ్లు ఎవరూ ఇటు చూడరని మా అందరికీ భయంగా ఉంది. రోడ్డు అంతా ఒకేలా పాడవలేదు. కొన్ని కిలోమీటర్లు బాగానే ఉంది, పైన రంగు వెలిసి సన్న చిప్స్ ఊడుతున్నాయి అంతే. కొన్నిచోట్ల మాత్రం చక్రాలు నడిచే దారంతా పగిలిపోయి, వాన పడితే బండి దిగి తోసుకుంటూ పోవాల్సిందే.

అడగదలచుకున్నవి ఇవీ. ఆ పగిలిన చోట్ల మీద కూడా అదే 30 ఎంఎం వేస్తే నిలుస్తుందా? పాతది తవ్వి తీసేయాలా? ఊరి మధ్యలో ఇప్పటికే రోడ్డు ఎత్తు పెరిగి కొన్ని ఇళ్ల గడపలు కిందికి అయిపోయాయి, వాన నీళ్లు లోపలికి వస్తున్నాయి, ఇంకో పొర వేస్తే వాళ్ల పరిస్థితి ఏంటి? పని జరిగే రోజు మాలాంటి మామూలు జనం పక్కన నిలబడి ఏం చూస్తే పని సరిగ్గా జరుగుతోందో లేదో తెలుస్తుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, మాకు గొడవ పెట్టుకోవాలని లేదు, రోడ్డు నిలవాలి అంతే.

సైట్_డైరీ:

రోడ్డు కన్సల్టెన్సీల్లో చాలాకాలంగా పని చేస్తున్నానండి, మీరు అడిగిన మొదటి ప్రశ్నలోనే అసలు విషయమంతా ఉంది. 30 ఎంఎం బీసీ రోడ్డుకి బలం ఇచ్చే పొర కాదు. నీళ్లు లోపలికి దిగకుండా, పైన నునుపుగా, టైరుకి పట్టు ఉండేలా వేసే పొర. కింద పునాది గట్టిగా ఉంటే దాని ఆయుష్షు ఇంకో ఐదారేళ్లు పెంచుతుంది. కింద పునాది పోయి ఉంటే మాత్రం ఎంత బాగా వేసినా కింద ఉన్న పగులు పైకి వచ్చేస్తుంది, లారీ చక్రం కింద ఆ చోటు ప్రతిసారీ కిందికి పైకి ఊగుతుంది కాబట్టి. మీకు పోయినసారి రెండో వానాకాలానికే పోయిందంటే ఎక్కువ భాగం కారణం ఇదే అయి ఉంటుంది.

కాబట్టి పని మొదలయ్యేలోపు ఒక ఆదివారం పొద్దున్నే నలుగురు కలిసి రోడ్డంతా నడవండి. కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ, ఎక్కడ ఏం ఉందో పుస్తకంలో రాసుకుని ఫోన్లో ఫోటో తీయండి. చూడాల్సింది నాలుగు రకాల దెబ్బలు. పైన చిప్స్ ఊడి గరుకుగా ఉండి, పగుళ్లు లేకపోతే ఆ చోటు ఆరోగ్యంగానే ఉన్నట్టు, దానికి 30 ఎంఎం బ్రహ్మాండంగా సరిపోతుంది. చక్రాలు నడిచే దారిలో చేపల వల పరిచినట్టు చిన్న చిన్న గళ్లుగా పగిలి ఉంటే అది పునాది దెబ్బ. వాన పడిన మర్నాడు వెళ్తే ఇంకా బాగా తెలుస్తుంది, ఆ పగుళ్లలోంచి తెల్లటి బురద పైకి ఊరి ఆరిపోయి మరకలా కనిపిస్తుంది, అంటే కింద కంకరలో ఉన్న సన్న పొడి నీళ్లతో కలిసి లారీ బరువుకి బయటికి చిమ్ముతోందన్నమాట. మూడోది, రోడ్డుకి అడ్డంగా తిన్నటి కర్రో అల్యూమినియం పట్టీయో పెట్టి చూడండి, చక్రాల దారి కింద ఎంత గాడి పడిందో స్కేలుతో కొలవొచ్చు. నాలుగోది మీ నల్లరేగడి నేల వల్ల వచ్చేది. అంచుకి కాస్త లోపలగా, రోడ్డుకి సమాంతరంగా పొడుగ్గా సాగే పగులు. ఎండాకాలంలో పక్కన మట్టి ఎండి ముడుచుకుపోతూ రోడ్డు అంచుని తనతో లాగుతుంది, అప్పుడు పడే పగులు అది. జూన్‌లో మొదటి వానకి ఆ పగుల్లోంచే నీళ్లు నేరుగా కింద నేలకి దిగుతాయి, రేగడి ఉబ్బుతుంది, అక్కడి నుంచి మొదలు.

వల పగుళ్లు, బురద ఊరడం, లోతు గాడి ఉన్న చోట్ల పైన వేసి కప్పేయడం డబ్బు దండగ. అక్కడ చతురస్రంగా గీత గీసి, అంచులు నిటారుగా ఉండేలా కోసి, పాత తారు, కింద తడిసిన కంకర మొత్తం తీసేసి, గట్టి నేల తగిలాక కొత్త కంకర పొరలు పొరలుగా నీళ్లు పట్టి రోలింగ్ చేసి, పైన తారు మిక్స్ వేసి పాత రోడ్డు మట్టానికి తేవాలి. ఆ తర్వాతే రోడ్డంతటికీ కలిపి 30 ఎంఎం పొర. మధ్యలో గాడులు, ఎగుడుదిగుళ్లు ఉంటే వాటిని సరిచేయడానికి ప్రొఫైల్ కరెక్షన్ అని వేరే ఐటమ్ ఉంటుంది. ఎస్టిమేట్‌లో ఈ రెండు ఐటమ్‌లూ ఉన్నాయా, ఎన్ని చదరపు మీటర్లకి పెట్టారు అన్నది మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న. బీసీ ఒక్కటే ఉండి మిగతావి పేరుకి పెట్టి ఉంటే అప్పుడే అనుమానం రావాలి.

ఇంకోటి, వీలైతే పొర మందం ఎలా తేల్చారో అడగండి. బెంకిల్‌మన్ బీమ్ అని ఒక పొడవాటి కడ్డీలాంటి పరికరం ఉంటుంది. వెనక యాక్సిల్ మీద 8,170 కిలోల బరువు వేసిన లారీని నిలబెట్టి, జంట టైర్ల మధ్యలోకి దాని కొన దూర్చి, లారీ ముందుకి కదిలాక రోడ్డు ఎంత పైకి లేచిందో డయల్ మీద చూస్తారు. ఎక్కువ లేచిందంటే అక్కడ రోడ్డు మెత్తగా ఉన్నట్టు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఐఆర్‌సీ 81 లో పద్ధతంతా ఉంది. ఇప్పుడు బరువు జారవిడిచి కొలిచే కొత్త మెషీన్లు వచ్చాయి, దానికి ఐఆర్‌సీ 115. రెన్యువల్ పనికి ప్రతిసారీ ఇవి చేయరు, కానీ సున్నపురాయి టిప్పర్లు తిరిగే రోడ్డుకి చేయమని అడగడంలో తప్పేమీ లేదు.

కాలువగట్టు:

పైన అన్న చెప్పిందంతా నిజం. కానీ మాది పశ్చిమ గోదావరి డెల్టా, అటు కాలువ ఇటు చేలు, మధ్యలో రోడ్డు, మా అనుభవం ఒక్క ముక్కలో చెప్పాలంటే రోడ్డు మీద పెట్టే ఖర్చు కన్నా ముందు నీళ్ల మీద పెట్టాలి. పగిలిన చోటు తవ్వి కొత్త కంకర వేశారే అనుకుందాం, పక్కన చేలో నాలుగు నెలలు నీళ్లు నిలబడితే ఆ కొత్త కంకర కూడా అదే నీళ్లు తాగుతుంది కదండీ. ఎక్కడ పాడైందో చూసేటప్పుడు పక్కన ఏముందో కూడా రాసుకోండి. పంట బోదె ఉందా, తూము పూడిపోయిందా, సైడు కాలువ ఎవరైనా చేలో కలిపేసుకున్నారా. నేను పందెం వేసి చెప్తాను, మీ రోడ్డు బాగా పాడైన చోట్లలో సగం ఇలాంటి వాటి పక్కనే ఉంటాయి.

బెర్ములు, అంటే తారు పక్కన ఉండే మట్టి అంచులు, చూడండి ముఖ్యంగా. రోడ్డు అంచున మట్టి ఏళ్ల తరబడి పేరుకుని, గడ్డి పెరిగి, తారు కన్నా ఎత్తైపోతుంది. అప్పుడు రోడ్డు మీద పడ్డ వాన పక్కకి పోవడానికి దారి ఉండదు, అంచునే నిలబడి లోపలికి ఇంకుతుంది. పొర వేయడానికి ముందు బెర్ములు చెక్కేసి, బయటి వైపు వాలుగా, రోడ్డు వాలు కన్నా కాస్త ఎక్కువ వాలుతో సరిచేయాలి. పొర వేశాక కూడా అంచున గ్రావెల్ నింపి రోలింగ్ చేయాలి, లేకపోతే కొత్త అంచు గాల్లో నిలబడి లారీ దిగిన ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా విరుగుతుంది.

రోడ్డు మధ్య నుంచి అంచుకి వాలు కూడా కొలవండి, చాలా తేలిక. 7 మీటర్ల రోడ్డు అంటే మధ్య నుంచి అంచుకి 3.5 మీటర్లు. 2.5 శాతం వాలు కావాలి అనుకుంటే అంచు దగ్గర మట్టం దాదాపు 9 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. మధ్యలో దారం పట్టుకుని అంచుదాకా మట్టంగా లాగితే తెలిసిపోతుంది. మా దగ్గర ఒక రోడ్డు పొర మీద పొర వేసీ వేసీ చివరికి బల్లపరుపు అయిపోయింది, ఇప్పుడు వాన పడితే మధ్యలోనే నీళ్లు.

రైతుగా ఇంకో మాట చెప్పాలి, ఇది మన వైపు తప్పు కాబట్టి మనమే ఆపాలి. దమ్ము చేసే కేజ్ వీల్స్ తొడిగిన ట్రాక్టర్లు అలాగే తారు రోడ్డు మీద తోలుకుపోతారు. ఆ ఇనప పట్టీలు కొత్త పొర మీద దింపే గాట్లు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. చైన్ హార్వెస్టర్లు కూడా అంతే, లారీ మీద ఎక్కించి తీసుకెళ్లాలి గానీ రోడ్డు మీద నడపకూడదు. మా పక్క ఊళ్లో పంచాయతీలో కూర్చుని తీర్మానం చేసుకున్నారు, కేజ్ వీల్స్ చేలోకి వెళ్లాకే బిగించుకోవాలని. మీరూ పొర వేయకముందే ఆ మాట అనుకోండి.

గోలివాన:

ఇదంతా ఎందుకండీ, మొత్తం 18 కిలోమీటర్లూ సీసీ రోడ్డు అడగండి. ఒకసారి వేస్తే 30 ఏళ్లు చూడక్కర్లేదు. మన నల్ల నేలల్లో తారు రోడ్డు నిలవదు.

సైట్_డైరీ:

గోలివాన గారూ, నల్ల నేల సీసీని కూడా వదలదండీ, కింద నేల ఉబ్బి కుంగుతుంటే పలక పగులుతుంది, తారు రోడ్డుకైతే ప్యాచ్ వేయొచ్చు, పగిలిన సీసీ పలక మార్చడం చాలా కష్టం. పైగా శాంక్షన్ అయిన రెన్యువల్ డబ్బుతో 18 కిలోమీటర్ల సీసీ అయ్యే పని కాదు, అది అడుగుతూ కూర్చుంటే వచ్చింది కూడా వెనక్కి పోతుంది.

కానీ ఊరి మధ్యలో మాత్రం సీసీ సరైన ఆలోచనే, అసలు ప్రశ్నలో అడిగిన గడపల సంగతికి జవాబు అక్కడే ఉంది. ఇళ్ల ముందు వాడుక నీళ్లు రోడ్డు మీద నిలబడే చోట తారు ఎప్పుడూ నిలవదు, తారుకి నీళ్లు పడవు. ఊరి నిడివి మేరకు పాత తారు పొరలన్నీ తవ్వి తీసేసి, గడపల కన్నా కిందికి మట్టం దించి, రెండు వైపులా డ్రైన్లతో సీసీ వేయడం మంచిది. అంత డబ్బు లేకపోతే కనీసం మిల్లింగ్ మెషీన్‌తో పాత పొరని ఎంత మందం వేయబోతున్నారో అంత గీకేసి, ఆ మీద కొత్తది వేయమనండి, రోడ్డు మట్టం మారదు. గీకిన పాత మిక్స్ పారేసేది కాదు, బెర్ముల్లో పరిచి రోలింగ్ చేసినా గ్రావెల్ కన్నా గట్టిగా కూర్చుంటుంది.

మొత్తం పునాదే పోయిన రోడ్లకి ఇంకో దారి కూడా ఉంది. పాత తారు, కంకర అక్కడికక్కడే మెషీన్‌తో పొడి చేసి, సిమెంటు కలిపి, మళ్లీ అదే పునాదిగా రోలింగ్ చేసే పద్ధతి, ఎఫ్‌డీఆర్ అంటారు. ఉత్తరప్రదేశ్‌లో కేంద్ర గ్రామీణ రోడ్ల పథకం పీఎంజీఎస్‌వై మూడో దశ రోడ్లు చాలా ఇలా చేశారు. కొత్త కంకర పెద్దగా అక్కర్లేదు, రోడ్డు ఎత్తు పెరగదు. మీ రోడ్డులో ఏకంగా మూడు నాలుగు కిలోమీటర్లు వరసగా పోయి ఉంటే ఆ ముక్కకి ఇది అడగొచ్చు.

మిక్స్‌ప్లాంట్:

నేను హాట్‌మిక్స్ ప్లాంటులో క్వాలిటీ చూసే పని చేస్తాను. పని జరిగే రోజు ఏం చూడాలి అని అడిగారు కదా, అది నేను చెప్తాను, ఎందుకంటే అన్నీ సరిగ్గా రాసుకున్న ఎస్టిమేట్ కూడా ఆ రోజు రోడ్డు మీద చల్లారిపోతుంది, నిజంగానే చల్లారిపోతుంది, వేడి పోవడం వల్లే.

మొదట చూడాల్సింది ఊడ్చడం. పాత రోడ్డు మీద దుమ్ము, ఎండిన పేడ, మట్టి పెళ్లలు ఉంటే కొత్త పొర అతకదు. బ్రష్ మెషీన్‌తో ఊడ్చి, గాలి కొట్టించి, నల్లటి తారు కనిపించేదాకా శుభ్రం చేయాలి. ఆ తర్వాత ట్యాక్ కోట్, అంటే పాత పొరకి కొత్త పొర అతుక్కునేలా చల్లే పల్చటి తారు. దానికి వాడే ఎమల్షన్ (నీళ్లలో కలిపిన తారు) చల్లినప్పుడు కాఫీపొడి రంగులో ఉంటుంది, కాసేపటికి అందులో నీళ్లు పోయి నల్లగా, వేలు పెడితే బంకగా అవుతుంది. నల్లబడ్డాకే పేవర్ (మిక్స్ పరిచే మెషీన్) దాని మీదికి రావాలి. గోధుమ రంగులో ఉండగానే మిక్స్ పోసేస్తే ఆ నీళ్లు మధ్యలో చిక్కుకుంటాయి, అదే తర్వాత అట్టు లేచినట్టు లేచిపోయేది. ఎంత చల్లాలి అంటే పాత తారు మీద చదరపు మీటరుకి 200 నుంచి 300 గ్రాములు. మీ రోడ్డుకి కిలోమీటరుకి 7,000 చదరపు మీటర్లు, అంటే 1,400 నుంచి 2,100 కిలోలు. డ్రమ్ముల మీద బరువు రాసి ఉంటుంది, కిలోమీటరుకి ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్కపెట్టుకోండి. డబ్బాకి చిల్లులు పెట్టి అక్కడక్కడా చారలు పోసుకుంటూ పోతే అది ట్యాక్ కోట్ కాదు, స్ప్రేయర్‌తో సమంగా పడాలి.

రెండోది వేడి. వీజీ 30 రకం తారుతో చేసే మిక్స్ ప్లాంటు నుంచి 150 నుంచి 165 డిగ్రీల్లో బయటికి రావాలి, రోడ్డు మీద పరిచేటప్పుడు 140 కి తగ్గకూడదు, రోలింగ్ 90 డిగ్రీల లోపు పడిపోకముందే పూర్తవ్వాలి. 30 ఎంఎం పొర చాలా పల్చన, అది నిమిషాల్లో చల్లారిపోతుంది, గాలి వీస్తుంటే ఇంకా త్వరగా. సైట్‌లో థర్మామీటరు ఉండాలి, ప్రతి టిప్పర్‌కీ గుచ్చి చూసి రిజిస్టర్‌లో రాయాలి, ఆ రిజిస్టర్ చూపించమనండి. టిప్పర్ మీద టార్పాలిన్ కప్పి ఉందో లేదో అయితే మీరే దూరం నుంచి చూడొచ్చు. మిక్స్ దించేటప్పుడు నీలంగా పొగ లేస్తుంటే ఎక్కువ కాల్చేశారని, అలాంటి తారు పెళుసైపోయి ఏడాదికే పగులుతుంది. పొగ అసలు లేకుండా, మెరుపు లేకుండా, గడ్డలు గడ్డలుగా పడితే చల్లారిపోయింది. ఆ లోడ్ వెనక్కి పంపాలి. ప్లాంటు రోడ్డుకి ఎంత దూరంలో ఉందో ముందే కనుక్కోండి, గంటన్నర రెండు గంటలు దారిలోనే అయితే నేనైతే ఒప్పుకోను.

మందం సంగతి. రోలింగ్ అయ్యాక 30 ఎంఎం కావాలంటే పేవర్ వదిలేటప్పుడు 37, 38 ఎంఎం దాకా ఉండాలి. ఇనప పుల్లకి గుర్తు పెట్టి గుచ్చితే తెలుస్తుంది, అది సైట్ వాళ్లే చేస్తుంటారు, మీరు పక్కన నిలబడి చూడండి. లోడ్ల లెక్క కూడా వేసుకోవచ్చు. 7 మీటర్ల వెడల్పు, 30 ఎంఎం మందం, కిలోమీటరు పొడవు అంటే 210 ఘనపు మీటర్లు, బరువులో సుమారు 490 టన్నుల మిక్స్. టిప్పర్‌కి 16 టన్నులు వేసుకుంటే కిలోమీటరుకి 30 లోడ్లు. ఇరవై లోడ్లకే కిలోమీటరు అయిపోయిందంటే ఎక్కడో పల్చబడినట్టు. గుడ్డి లెక్కే కానీ ఎవరైనా వేసుకోగలిగే లెక్క.

రోలర్లు మూడు రకాలు తిరగాలి. మొదట ఇనప చక్రాల రోలర్, మధ్యలో టైర్ల రోలర్, చివర్లో గుర్తులు పోయేలా మళ్లీ ఇనప రోలర్. చాలాచోట్ల టైర్ల రోలర్ సైట్‌లో ఉంటుంది గానీ కదలదు, దాన్ని కదిలించమని అడగండి, పొరలో ఖాళీలు మూసేది అదే. రోలింగ్ అంచు నుంచి మొదలై మధ్యకి రావాలి. చక్రాలకి అంటుకోకుండా డీజిల్ పూస్తుంటే వెంటనే ఆపించండి, డీజిల్ తారుని కరిగించేస్తుంది, నీళ్లు చల్లుకోవాలి అంతే. సగం రోడ్డు ఇవాళ, సగం రేపు వేస్తే మధ్యలో అతుకు వస్తుంది, ఆ అతుకు అంచుని నిటారుగా కోసి తారు పూసి అప్పుడు రెండో సగం వేయాలి. అతుకు దగ్గర నిర్లక్ష్యం చేస్తే రోడ్డు మధ్యలో పొడవునా చీలిక వస్తుంది, ఎన్నో రోడ్లలో చూస్తుంటాం.

వాన తుంపర ఉన్నా, రోడ్డు తడిగా ఉన్నా ఆ రోజు పని వద్దు. ఫిబ్రవరి నుంచి మే లోపు చేయించుకుంటే మేలు.

ఎఫ్ఎం_రోడ్:

టెక్సాస్ నుంచి రాస్తున్నాను, సొంతూరు వినుకొండ వైపు. ఇక్కడ రోడ్డు మెయింటెనెన్స్ పనుల్లోనే ఉంటాను కాబట్టి మీ రోడ్డులో బాగున్న కిలోమీటర్ల గురించి ఒక మాట. ఇక్కడ పల్లెల్ని కలిపే ఫార్మ్ టు మార్కెట్ రోడ్లు 40 వేల మైళ్లకి పైగా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం పల్చటి రోడ్లే, మన నల్లరేగడి లాంటి ఉబ్బే బంకమట్టి నేలలు ఇక్కడా చాలా ఉన్నాయి. వీటిని నిలబెట్టేది పెద్ద పెద్ద ఓవర్లేలు (పాత రోడ్డు మీద వేసే మందపాటి తారు పొరలు) కాదు, రోడ్డు ఇంకా బాగుండగానే కొన్నేళ్లకోసారి వేసే చిప్ సీల్. వేడి తారో ఎమల్షనో సమంగా చల్లి, వెంటనే ఒకే సైజు చిప్స్ పరిచి, టైర్ల రోలర్ తిప్పుతారు. బలం ఏమీ పెరగదు, నీళ్లు మాత్రం దిగవు. ఖర్చు ఓవర్లేలో చిన్న వంతు. మన దగ్గర అందరూ రోడ్డు పూర్తిగా పోయేదాకా ఆగి అప్పుడు డబ్బు అడుగుతారు, బాగున్న రోడ్డుకి డబ్బు పెడితే దండగ అనుకుంటారు, నాకు బాధ కలిగించేది ఇదే. మీ 18 లో బాగున్న ముక్కకి పల్చటి సీల్ వేసి, మిగిలిన డబ్బు పాడైన ముక్కల పునాదికి మళ్లిస్తే రోడ్డు మొత్తం ఎక్కువకాలం బతుకుతుంది.

సైట్_డైరీ:

ఆలోచన సరైనదే, నేనూ ఒప్పుకుంటాను. అయితే మన దగ్గర రెండు ఇబ్బందులు. చిప్ సీల్ వేసిన కొన్నాళ్లు వదులు చిప్స్ రోడ్డు మీద ఉంటాయి, ఇక్కడ బండ్లలో ఎక్కువ భాగం టూవీలర్లు, జారి పడతారు. రెండోది, చల్లడం చిప్స్ పరచడం కచ్చితంగా జరగాలి, ఆ మెషీన్లు మన జిల్లాల్లో తక్కువ. దానికి బదులు మైక్రోసర్ఫేసింగ్ అడగొచ్చు, సన్న చిప్స్, పాలిమర్ కలిపిన ఎమల్షన్, కాస్త సిమెంటు అన్నీ మెషీన్‌లోనే కలిపి చల్లగానే పరిచేస్తారు, గంటా రెండు గంటల్లో బండ్లు వదలొచ్చు. ఐఆర్‌సీ ఎస్‌పీ 81 దాని గురించే. శాంక్షన్ అయిన పనిలో ఐటమ్ మార్చడం అంత తేలిక కాదు, కానీ బాగున్న ముక్కలో ప్యాచ్ వర్క్ కోసం పెట్టిన డబ్బు అవసరం లేకపోతే దాన్ని పాడైన ముక్కకి వాడమని రాసివ్వొచ్చు, అది జరిగే పనే.

టిప్పర్ల గురించి ఎవరూ అనలేదు. యాక్సిల్ మీద బరువు రెండింతలైతే రోడ్డుకి తగిలే దెబ్బ సుమారు 16 రెట్లు. 1950ల చివర్లో అమెరికాలో ఇలినాయ్‌లో రోడ్డు వేసి లారీలు తిప్పి మరీ తేల్చిన సంగతి ఇది. కార్లు, ఆటోలు ఎన్ని తిరిగినా మీ రోడ్డుకి ఏమీ కాదు, ఓవర్‌లోడ్ టిప్పర్ ఒక్కటి వేల కార్ల పని చేస్తుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడ్‌కి 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకి 2,000 జరిమానా ఉంది. క్వారీ దగ్గరే వేబ్రిడ్జి ఉంటుంది కాబట్టి బరువు తెలియదు అనడానికి లేదు. రోడ్డు పనితో పాటు ఈ అర్జీ కూడా రవాణా శాఖకి ఇవ్వండి.

దరఖాస్తు:

కాగితాల సంగతి నేను చెప్తాను. డివిజన్ ఆఫీసుకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగాల్సినవి మంజూరైన ఎస్టిమేట్ నకలు, అగ్రిమెంటు నకలు, పని అయ్యాక ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, క్వాలిటీ టెస్టు రిపోర్టులు. అగ్రిమెంటులో డిఫెక్ట్ లయబిలిటీ ఎన్నాళ్లో రాసి ఉంటుంది, ఆ కాలంలో పాడైతే కాంట్రాక్టరే సొంత డబ్బుతో బాగుచేయాలి, చాలా ఊళ్లలో ఆ తేదీ ఎవరికీ తెలియక గడువు దాటిపోయాక అర్జీ ఇస్తారు. పని పూర్తయిన తేదీ, గడువు తేదీ పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించండి.

చాలామందికి తెలియనిది ఇంకోటి. 2005 చట్టం సెక్షన్ 2(జె)లో కాగితాలు తీసుకోవడమే కాదు, జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కు, ధ్రువీకరించిన శాంపిల్ తీసుకునే హక్కు కూడా పౌరుడికి ఉన్నాయి. కోర్ కట్టర్‌తో తీసిన ముక్క చూపిస్తే మందం కళ్లతో చూడొచ్చు, ల్యాబ్‌లో తారు శాతం తేల్చొచ్చు. 30 ఎంఎం బీసీలో తారు 5.4 శాతానికి తగ్గకూడదని కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్‌లో ఉంది. దరఖాస్తు పని మొదలవకముందే పెట్టండి. ఊళ్లో ఎవరో చూస్తున్నారని తెలిస్తే అక్కడే సగం పని సరిగ్గా జరుగుతుంది. సైట్‌లో కూలీల మీద, డ్రైవర్ల మీద మాత్రం కేకలు వేయొద్దు, వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారితో మర్యాదగా, రాతపూర్వకంగా మాట్లాడండి.

రేగడిచేను:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. మీరు చెప్పినట్టే కుర్రాళ్లం కలిసి రోడ్డంతా నడిచాం, పక్కన ఏముందో కూడా రాసుకున్నాం. కాలువగట్టు అన్న చెప్పింది అక్షరాలా నిజం. బాగా పాడైన చోట్లలో మూడొంతుల దాకా పంట బోదె రోడ్డుని దాటే చోటో, తూము పూడిపోయిన చోటో, బెర్మ్ ఎత్తై నీళ్లు నిలిచే చోటో ఉన్నాయి. ఒక చోటైతే తూము నోరు పూర్తిగా మట్టితో మూసుకుపోయి, నీళ్లు రోడ్డు కిందగా ఊరుకుంటూ అవతలి చేలోకి వెళ్తున్నాయి, అక్కడ రోడ్డు మీద కాలుతో గట్టిగా తొక్కితే కదులుతున్నట్టు అనిపిస్తోంది. పొడుగు పగుళ్లు కాలువ వైపు కన్నా మెట్ట చేల వైపు ఎక్కువ. బాగున్న ముక్క మేం అనుకున్న దాని కన్నా ఎక్కువే ఉంది.

సర్పంచ్ గారితో మాట్లాడాం, ఏఈ గారికి ఫోటోలతో అర్జీ ఇచ్చాం, ఆయన ఓపిగ్గానే విన్నారు, పాడైన చోట్లు మళ్లీ కొలిపిస్తామన్నారు. కేజ్ వీల్స్ మాట కూడా రచ్చబండ దగ్గర అనుకున్నాం, ట్రాక్టర్ల వాళ్లే ఒప్పుకున్నారు.

ఒక చిక్కు ఉంది. రెండు మూడు చోట్ల రైతులు సైడు కాలువ పూడ్చి చేను అంచుని రోడ్డు దాకా తెచ్చేశారు. మనవాళ్లే, గొడవ పడటం ఇష్టం లేదు. ఇంకోటి, తూములు బాగుచేయడం రోడ్డు పనిలో వస్తుందా, కాలువల శాఖ వాళ్లు చేయాలా?

కాలువగట్టు:

రోడ్డు కింద ఉన్న తూము, కల్వర్టు రోడ్డు వాళ్లవి. బోదె కాలువ శాఖదో నీటి సంఘానిదో అవుతుంది. ఇద్దరినీ ఒకే రోజు అక్కడికి రమ్మని పిలవండి, విడివిడిగా పిలిస్తే ఒకరు ఇంకొకర్ని చూపిస్తారు. తూము పూడిక తీసేటప్పుడు లోపల మట్టి తీసి ఊరుకుంటే లాభం లేదు, అవతల నీళ్లు పోయే బోదె అడుగు తూము అడుగు కన్నా కిందికి ఉండాలి, లేకపోతే నీళ్లు మళ్లీ తూములోనే నిలబడి మట్టి పేరుకుంటుంది. పైపు పగిలి ఉంటే పొర వేయకముందే మార్పించండి, పొర వేశాక తవ్వితే ఆ అతుకు జన్మలో సరిగ్గా కూర్చోదు.

రైతుల సంగతికొస్తే, మా దగ్గర సర్వేయర్ గారిని తెచ్చి రోడ్డు హద్దు రాళ్లు వేయించాం, ఎవరి మీదా ఫిర్యాదు రాయలేదు. హద్దు కనిపించాక వాళ్లే వదిలేశారు, ఒక్కాయన తప్ప. ఆయనకి కోత అయ్యేదాకా గడువిచ్చాం, తర్వాత జేసీబీ వచ్చినప్పుడు ఆయన చేను పక్కన కాలువ కూడా తీయించాం. మీకూ ఇప్పుడు మిర్చి చేలో ఉంటే ఆఖరి కోత దాకా ఆగండి, బెర్ములు, కాలువలు ఏప్రిల్‌లో తీయించినా వానల్లోపు పొర పడిపోతుంది.

మిక్స్‌ప్లాంట్:

ఏప్రిల్‌లో కాలువలు తీసేటప్పుడు ఆ మట్టి తెచ్చి రోడ్డు మీద పోస్తారు, అది మాత్రం చూసుకోండి. రేగడి తారు మీద ఎండి అతుక్కుంటే బ్రష్‌తో రాదు, నీళ్లు కొట్టి కడిగి, పూర్తిగా ఆరాకే ట్యాక్ కోట్ చల్లాలి. కాలువల పనికీ పొరకీ మధ్య కనీసం వారం పది రోజులు ఉండేలా ఏఈ గారితో ముందే మాట్లాడుకోండి.